గుడ్డి సందు కిటికీ

మా బావ ముప్ఫై ఒక్క ఏళ్లు గీతలు గీశాడు. ఇళ్ల బోర్డు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. ఇంజినీర్లు నోటితో కట్టే ఇళ్లని ఆయన పెన్సిలుతో కాగితం మీద నిలబెట్టేవాడు. చొక్కా జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు ఎప్పుడూ ఉండాల్సిందే. పెళ్లిఫొటోలో కూడా అది జేబులోంచి తొంగిచూస్తూ ఉంటుంది. "నన్ను కొలిచి చూసుకుందామని తెచ్చారు" అని మా అక్క బతికినన్నాళ్లూ ఆయన్ని ఆటపట్టించింది.

నేను ఆయన బావమరిదిని కాబట్టి ఆ ఆటపట్టించడంలో నాకూ వాటా ఉంది. నాది అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పని. ఊళ్లోవాళ్ల తప్పులన్నీ పట్టుకుని జీతం తీసుకునేవాణ్ణి. మేమిద్దరం కలిస్తే ఎవరి పని కష్టమో తేలేది కాదు. "నీ తప్పుని ఒక కాగితం ముక్క అంటించి సరిచేస్తావు. నా తప్పులో మనుషులు కాపురం ఉంటారు" అనేవాడు బావ. ఆ మాట అన్నాక జేబులోంచి స్కేలు తీసి తుడుచుకునేవాడు. గొప్ప చెప్పుకుని మురిసిపోతున్నాడనుకునేవాణ్ణి.

రిటైరైన రోజున ఆఫీసువాళ్లు అద్దాల ఫ్రేములో ఒక ప్రశంసాపత్రం కట్టించి ఇచ్చారు. ఇన్నేళ్లలో ఈయన గీతలో ఒక్క తప్పు దొర్లలేదని అందులో రాశారు. అలాంటిది నాకొస్తే గుమ్మం మీదే తగిలించి, వచ్చినవాడల్లా చదివేదాకా కూర్చోబెట్టేవాణ్ణి. బావ మాత్రం దాన్ని తీసుకెళ్లి పాత సామాన్లు పడేసే వెనకగదిలో గోడకి తగిలించాడు. ఎంత వినయం అనుకున్నాం.

ఆ వెనకగది ఉన్న ఇంటి సంగతి చెప్పాలి. అది బోర్డువాళ్లే కట్టిన కాలనీ. మొత్తం ఆరు బ్లాకులు, ఒక్కోటీ నాలుగంతస్తులు, బ్లాకుకి ముప్ఫై రెండు ఇళ్లు. రెండేసి బ్లాకులు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటికీ రెండుకీ మధ్య ఒక సందు, మూడుకీ నాలుగుకీ మధ్య ఒక సందు, అయిదుకీ ఆరుకీ మధ్య ఇంకో సందు. బస్సుకెళ్లినా, దుకాణాలకెళ్లినా ఈ సందుల్లోంచే నడవాలి. ఒకటో సందులోనూ చివరి సందులోనూ రెండు వైపులా వంటింటి కిటికీలే. ఎప్పుడు చూసినా ఎవరో గిన్నెలు తోముతూనో, కూరగాయలు తరుగుతూనో ఉంటారు. ఇటు కిటికీలోంచి అటు కిటికీకి కబుర్లు నడుస్తూ ఉంటాయి. అక్కడ సైకిలుకి తాళం వెయ్యకపోయినా పోయేది కాదు.

మూడుకీ నాలుగుకీ మధ్య సందు అలా కాదు. అటూ ఇటూ నాలుగంతస్తుల ఎత్తు బోడిగోడ. పైన ఎక్కడో స్నానాలగదుల వెంటిలేటర్లు, అవి కూడా మసక అద్దాలతో మూసి ఉంటాయి. గోడ వెంట నీళ్ల పైపులు. వంటిళ్లన్నీ అవతలివైపు, మురుగుకాలువల మీదికి తెరుచుకుంటాయి. జనం దానికి గుడ్డి సందు అని పేరు పెట్టారు. సంచులు లాక్కోవడం, సైకిళ్లు మాయమవడం, ఆడపిల్లల్ని ఆపి ఏడిపించడం, అన్నీ ఆ సందులోనే.

బోర్డు ఉద్యోగి కాబట్టి రిటైరయ్యేముందు బావకి కాలనీలో ఏ ఇల్లు కావాలంటే అది దొరికేది. ఒకటో బ్లాకులో, పార్కు ఎదురుగా, పొద్దున్నే ఎండ పడే ఇల్లు ఖాళీగా ఉంది. మా అక్క దాని మీద మనసు పడింది. ఈయన మాత్రం మూడో బ్లాకు కింది అంతస్తులో, సరిగ్గా గుడ్డి సందు మధ్యలో ఉన్న ఇల్లు రాయించుకొచ్చాడు. అక్క వారం రోజులు మాట్లాడలేదు. "నీ కళ్లజోడు మార్చాలి బావా" అన్నాను నేను. ఆయన నవ్వాడు గానీ, ఎందుకు తీసుకున్నాడో మాత్రం చెప్పలేదు.

నేను వెళ్లినప్పుడల్లా నన్ను కాలనీ అంతా తిప్పి పాఠం చెప్పేవాడు. చూపుడువేలు బదులు స్కేలు. మూలమలుపులో పొదలు నడుం దాకానే ఉండాలి, లేకపోతే మనిషి దాక్కుంటాడు. మెట్లదారి మూసి కట్టకూడదు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ బయటికి కనపడాలి. గుమ్మం ముందు రెండు మెట్లుంటే ఎవరో ఒకరు కూర్చుంటారు, కూర్చున్నచోటు మనదనిపిస్తుంది, మనదనిపించినచోట కొత్తవాడు తచ్చాడితే ఎవరు కావాలని అడుగుతాం. ఇలా సాగేది. నాకు ఆవులింతలొచ్చేవి. ఒక్క మాట మాత్రం గుర్తుండిపోయింది. ఒకటో సందులో ఒక వంటింటి కిటికీ చూపిస్తూ అన్నాడు.

"గిన్నె తోముకుంటున్న మనిషి ఉన్నట్టుండి ఒకసారి తలెత్తుతుంది. ఆ తల ఎప్పుడెత్తుతుందో దొంగకి తెలీదు. తాళంకప్పకి ఆ గుణం లేదురా."

కాలనీ సంఘంవాళ్లు మాత్రం తాళంకప్పలనే నమ్ముకున్నారు. గుడ్డి సందుకి ఒక చివర ఇనపగేటు పెట్టి రాత్రి ఎనిమిదింటికల్లా తాళం వేశారు. దానితో నలుగురు నడిచేచోట ఇద్దరే నడవసాగారు, సందు ఇంకా బావురుమంది. దీపాలు పెట్టారు. వారంలో సగం పగిలాయి, మిగిలిన సగం ఎవరూ చూడని గోడల్ని వెలిగించాయి. కెమెరా పెట్టారు. అందులో దొంగ టోపీ పైభాగం చక్కగా కనిపించింది. ఒక్కొక్కటీ పెట్టినప్పుడల్లా బావ సంఘం సమావేశానికి వెళ్లి, వెనక కుర్చీలో కూర్చుని, నోరు విప్పకుండా తిరిగొచ్చేవాడు. ఇంత తెలిసిన మనిషి అక్కడెందుకు చెప్పడు అని అక్క నాతో అంది. చెప్పినా వినేవాళ్లెవరులే అన్నాను.

రిటైరైన రెండేళ్లకి అక్క పోయింది. గుండె జబ్బు, నాలుగు రోజులు ఆస్పత్రి, అంతే. మొదట్లో నేను ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ణి. తర్వాత నెలకోసారి అయింది. ఆ తర్వాత ఫోనులో "ఎలా ఉన్నావు బావా" అని అడిగి, "బాగానే ఉన్నాను" అన్న జవాబు విని ఊరుకోవడం అలవాటైంది. బాగాలేడని నాకు తెలుసు. ఒక్క కుర్చీ, ఒక్క కంచం, పొద్దున ఆన్ చేస్తే పడుకునేదాకా మోగే రేడియో. ఆ ఇంట్లో అరగంట కూర్చుంటే నాకు ఊపిరాడేది కాదు, అందుకే వెళ్లడం తగ్గించాను. తప్పు నాదే, ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

బావ ఇంటికి సరిగ్గా పైన, మొదటి అంతస్తులో, బట్టలు కుట్టే ఆవిడ ఒకతె ఒంటరిగా ఉంటుంది. నలభై అయిదేళ్లుంటాయి. మా అక్కని పిన్నీ అనేది, బావని బాబాయ్ గారూ అంటుంది. మనిషి నెమ్మది, మాట మాత్రం కత్తెర. అక్క పోయిన ఏడాదికి ఒక సాయంత్రం ఆరున్నరకి, దుకాణం నుంచి బట్టల మూట పట్టుకుని గుడ్డి సందులోంచి వస్తుంటే వెనక నుంచి ఎవడో మూట లాగాడు. చేతిసంచి అయితే వదిలేసేదేమో. అవి ఊళ్లోవాళ్ల బట్టలు, నమ్మి ఇచ్చినవి. వదల్లేదు. వాడు ఈడ్చాడు, కుడి మణికట్టు మెలితిరిగి విరిగింది. అరిచింది. అటు ముప్ఫై రెండు ఇళ్లు, ఇటు ముప్ఫై రెండు ఇళ్లు. ఒక్కరు కూడా రాలేదు. బావ ఆ గోడకి ఇవతల, ఇరవై అడుగుల దూరంలో, ముందుగదిలో రేడియోలో వార్తలు వింటున్నాడు. ఆవిడ చుట్టూ తిరిగి వచ్చి, ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడేదాకా ఆయనకి తెలియదు.

ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. కుట్టుమిషను మీద ఎలాగో నెట్టుకురాగలదు. బట్ట మీద సుద్దతో గీత గియ్యాలంటే మాత్రం వేళ్లు మాట వినవు. గీత తిన్నగా లేకపోతే కత్తిరింపు తిన్నగా ఉండదు, కత్తిరింపు బాగాలేకపోతే ఖాతాదారు మళ్లీ రాదు. బావ ఒకరోజు మెట్లెక్కి వెళ్లి, "గీతలు నేను గీస్తానమ్మాయ్. నా చేతికి మాత్రం వేరే పనేముంది" అన్నాడట.

అలా మొదలైంది. రోజూ అయిదింటికి ఆవిడ బట్టలూ కొలతల పుస్తకమూ పట్టుకుని దిగి వచ్చేది. మూలపడ్డ డ్రాయింగు బల్ల ముందుగదిలోకి వచ్చింది. బావ సుద్దని పెన్సిలులా గరుకుకాగితం మీద అరగదీసి మొన తేల్చేవాడు. ఆవిడ కొలతలు చదివేది, ఈయన గీసేవాడు, ఆవిడ ఎడంచేత్తో నెమ్మదిగా కత్తిరించేది. మధ్యలో ఆవిడే టీ పెట్టేది. పాత అలవాటు పోక ఈయన ప్రతి గుడ్డ మూలా తన పొడి అక్షరాలూ తేదీ వేసేవాడు. ఒకసారి ఎవరి కాలరు లోపలో అవి బయటపడ్డాయి. "బట్టల మీద సంతకాలేంటి బాబాయ్ గారూ, నా పరువు తీస్తున్నారు" అని ఆవిడ దెబ్బలాడిందని నాతో చెప్పి, ఎంత నవ్వాడో. అక్క పోయాక ఆయన నవ్వు వినడం అదే మొదలు.

ఆ రోజుల్లో వెళ్తే బల్ల మీద రెండు కప్పులు కనిపించేవి, రేడియో మోగేది కాదు. నాలుగున్నర నుంచే గడియారం వంక చూసేవాడు. నాకు బరువు దిగినట్టయింది. ఇంక నేను రాకపోయినా ఫరవాలేదు అనుకున్నాను, అదీ నా ఘనకార్యం.

రెండేళ్లు అలా గడిచాక, గుడ్డి సందులో ఇంకో ముసలాయన్ని పడదోసి ఫోను లాక్కున్నారు. సంఘంవాళ్లకి విసుగెత్తిపోయింది. సందుకి రెండు చివర్లా గోడ కట్టి మూసేద్దామని తీర్మానించారు. బస్సుకి వెళ్లేవాళ్లంతా కాలనీ చుట్టూ తిరిగి వెళ్లాలి. అప్పుడు బావ మొదటిసారి లేచి మాట్లాడాడు. మూస్తే దొంగలు పోరు, పక్క మలుపుకి వెళ్తారు, పైగా మధ్యలో ఎవరిదీ కాని చోటు ఒకటి మిగులుతుంది అన్నాడు. ప్రతి ఇంటికీ సందువైపు వెనకగది ఉంది కదా, ఆ గోడకి కిటికీ తెరుద్దాం అన్నాడు. జనానికి నచ్చింది. బోర్డు ఇంజినీరుని పిలిపించారు. ఆయన కుర్రవాడు, మర్యాదస్థుడు. అది కుదరదన్నాడు. మంజూరైన ప్లానులో ఆ గోడ బోడిగోడే అయ్యుంటుంది, మార్చాలంటే కొత్త మంజూరు కావాలి, దానికి ఎన్నేళ్లు పడుతుందో తానే చెప్పలేనన్నాడు. వచ్చే నెల గోడ కట్టడానికే నిర్ణయమైపోయింది.

ఆ మర్నాడు బావ నాకు ఫోను చేసి రమ్మన్నాడు. తనంతట తాను ఫోను చెయ్యడం నాకు గుర్తులేదు. వెళ్లేసరికి మంచం కింది నుంచి పొడుగాటి రేకుగొట్టం బయటికి తీసి పెట్టుకుని ఉన్నాడు. అందులోంచి మూడు కాగితాలు తీసి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా కప్పులు పెట్టాడు.

మొదటిది కాలనీ మొత్తం ప్లాను. కింద మంజూరు ముద్ర. నాకు ప్లాన్లు చదవడం రాదు, అయినా ఒకటి తెలిసింది. అందులో మూడుకీ నాలుగుకీ మధ్య సందులో రెండు వైపులా కిటికీలున్నాయి.

"మరి కట్టింది అలా లేదేం?" అన్నాను.

బావ చెప్పాడు. ఎదురెదురు బ్లాకులు అద్దంలో బొమ్మల్లాంటివి. కాబట్టి రెండుసార్లు గియ్యరు. పలచటి ట్రేసింగు కాగితం మీద ఒకసారి గీసి, ఒక ప్రింటు తీస్తారు, అదే కాగితాన్ని బోర్లించి ఇంకో ప్రింటు తీస్తారు. కాగితం తిరగేస్తే అంకెలు కూడా తిరగబడతాయి కాబట్టి బ్లాకు నంబరు ట్రేసింగు మీద వెయ్యరు. ప్రింటు తీశాక చేత్తో వేస్తారు. ఇరవై ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, మూడు వెయ్యాల్సినదాని మీద నాలుగు వేశాడు, నాలుగు వెయ్యాల్సినదాని మీద మూడు వేశాడు. పక్కన పొడి అక్షరాలు, తేదీ. మేస్త్రీలు కాగితంలో ఉన్నట్టే కట్టారు. ఎదురెదురుగా రావలసిన వంటిళ్లు వీపులు తిప్పుకుని నిలబడ్డాయి.

మిగిలిన రెండు కాగితాలూ ఆ ప్రింట్లు. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి, ఆయన చేతిరాత ఎప్పుడూ అంతే.

"ఎప్పుడు చూసుకున్నావు?"

"నాలుగు నెలలకి. ఏదో కొలత చూసి రమ్మని పంపితే వెళ్లాను. గోడలు కిటికీ ఎత్తుకి లేచాయి. వచ్చేవారం చెబుదామనుకున్నాను. వచ్చేవారానికి స్లాబు పడింది. భయమేసిందిరా, అంతే. ఆ భయానికి ఇంకో పేరు లేదు."

ఆ సందు పక్కనే ఇల్లెందుకు తీసుకున్నాడో, ప్రశంసాపత్రం ఆ వెనకగది గోడకే ఎందుకు తగిలించాడో అప్పుడు తెలిసింది. మా అక్కకి కూడా చెప్పలేదట. ముప్ఫై ఏళ్లు ఇతరుల తప్పులు పట్టినవాణ్ణి, నా ముక్కు ముందున్న తప్పు నాకు కనపడలేదు. మా పుస్తకాలకైతే చివర తప్పొప్పుల పట్టిక వేస్తాం. నాలుగంతస్తుల గోడకి ఆ పట్టిక ఎక్కడ అంటించాలో నాకూ తెలియలేదు.

మంజూరైన ప్లానులో కిటికీలు ఉన్నాయి కాబట్టి, ఇప్పుడు తెరవడానికి కొత్త మంజూరు అక్కర్లేదు. ఈ కాగితాలు చూపిస్తే చాలు. చూపిస్తే తప్పెవరిదో కూడా చూపించినట్టే. నేను ఒక సలహా ఇచ్చాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పెద్ద ప్లాను ఒక్కటే చూపించు, మిగతా రెండూ చించెయ్, కట్టినవాళ్లు తప్పు కట్టారంటే సరిపోతుంది అన్నాను. ఆయన నా మొహం వంక చూసి, ప్రింట్లు జాగ్రత్తగా చుట్టడం మొదలుపెట్టాడు.

"సంఘం సంగతి కాదురా. ఏమన్నా అననీ. పైన అమ్మాయికి ముందు చెప్పాలి. చెబితే ఇంక అయిదింటికి ఎవరూ రారు."

అప్పటికే నాలుగున్నర, గడియారం వంక చూశాడు.

అయిదింటికి ఆవిడ వచ్చింది. నన్ను చూసి బాగున్నారా అని పలకరించి, పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టి వచ్చి, తెచ్చిన గుడ్డ బల్ల మీద పరచబోయింది. బల్ల మీద బావ మళ్లీ పరిచిన ప్రింట్లున్నాయి. బావ నిలబడే చెప్పాడు. నాకు చెప్పినట్టే, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాడు. ఆవిడ అంకెల వంక, పక్కనున్న పొడి అక్షరాల వంక చాలాసేపు చూసింది. తన బట్టల మూలల్లో రోజూ చూసే అక్షరాలే అవి.

"నా చెయ్యి విరిగిన రోజుకి మీకు తెలుసు" అంది.

"తెలుసు."

"గీతలు గీస్తానని పైకి వచ్చిన రోజుకి కూడా తెలుసు."

"తెలుసమ్మా."

"నాకు మీరు తప్ప ఎవరున్నారని మీ దగ్గర కూర్చుని ఏడ్చాను. అప్పుడు కూడా తెలుసు."

బావ తలూపాడు. ఆవిడ గుడ్డని ఎడంచేత్తో మడిచింది. ముందురోజు సగం గీసి ఆపిన గీత దాని మీద కనిపిస్తూనే ఉంది. కొలతల పుస్తకం, కత్తెర తీసుకుంది. గుమ్మం దాకా వెళ్లి, బావ వైపు చూడకుండా నాతో, "టీ మరుగుతోంది, దించండి" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం సమావేశంలో బావ కాగితాలన్నీ పెట్టాడు. కొందరు తిట్టారు. ఫోను పోయిన ముసలాయన లేచి వెళ్లిపోయాడు. ఇంజినీరు మాత్రం ముద్ర రెండుసార్లు చూసుకుని, ప్లానులో ఉన్నదే కదా, పని మొదలుపెట్టొచ్చు అన్నాడు. కిటికీ పై అంచు ఎత్తులో భవనం చుట్టూ కాంక్రీటు పట్టీ తిరుగుతుందనీ, దాని కింద మూడడుగులు కోస్తే గోడకి ఏమీ కాదనీ బావ గీసి చూపించాడు. మొదటి కిటికీ ఆయన ఇంట్లోనే తెరిచారు. అందుకు ప్రశంసాపత్రాన్ని గోడ మీంచి తియ్యాల్సి వచ్చింది. అది ఉన్నచోటే సుత్తిదెబ్బ పడింది. ఫ్రేము ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు.

కిటికీ ఎలా ఉండాలో మేస్త్రీ పక్కన నిలబడి చెప్పాడు. కూర్చున్న మనిషి తల బయటికి కనపడాలి, కాబట్టి గట్టు మరీ ఎత్తు ఉండకూడదు. మసక అద్దం వద్దు. అడ్డంగా దట్టమైన జాలీ వద్దు, నిలువు కమ్మీలు చాలు. మూడు నెలల్లో సందుకి రెండు వైపులా కిటికీలొచ్చాయి. పాత సామాన్ల గదులు ఖాళీ అయ్యాయి. ఒకళ్లు చదువుకునే బల్ల వేసుకున్నారు, ఒకళ్లు మంచం వేసుకున్నారు, ఒకళ్లు పూలకుండీలు పెట్టారు. పై అంతస్తులో ఆవిడ కుట్టుమిషను కిటికీ పక్కకి జరిపింది. సాయంత్రమైతే ఆ దీపం వెలుగు కింద సందులో పడుతుంది. గేటు ఊడదీశారు. మలుపులో బల్ల వేశారు. అప్పటినుంచి ఈ ఎనిమిది నెలల్లో ఆ సందులో ఒక్క సంచి పోలేదు. గుడ్డి సందు అనడం మాత్రం జనం మానలేదు.

బావ రోజూ అయిదింటికి వెనకగదిలో కిటికీ తెరిచి, కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. బస్సు దిగినవాళ్లు వస్తారు, వెళ్తారు. కొందరు తలూపుతారు. కొందరికి ఆయన ఇప్పటికీ తప్పు వేసినాయనే. ఆరూ పదికి ఆవిడ బట్టల మూటతో వస్తుంది. మూడడుగుల దూరంలోంచి నడిచి వెళ్తుంది, తల తిప్పదు. కాసేపటికి పైన మిషను చప్పుడు మొదలవుతుంది. బల్ల మీద సుద్దముక్క అలాగే ఉంది, మొన తేలి.

ఒకసారి మెట్ల దగ్గర నేనే ఆవిడని ఆపి, మళ్లీ ఎప్పుడైనా గుడ్డలు తెస్తారా అని అడిగాను. పెద్దమనిషి తరహాలో అడిగాననే అనుకున్నాను.

"గీతలు నేనే గీసుకుంటున్నానండీ. వంకరగానే వస్తున్నాయి. అయినా నావి" అంది. ఆగి, "మీరు ఆయన్ని చూడటానికి నెలకోసారి వస్తారు కదా" అంది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

బావని మా ఇంటికి వచ్చి ఉండమని అడిగాను. ఈసారి మనస్ఫూర్తిగానే అడిగాను. తను వచ్చేస్తే ఆ ఇల్లు ఎవరికిస్తారో, వాళ్లు ఆ గదిలో మళ్లీ సామాన్లు వేసి కిటికీ మూసేస్తారేమో అన్నాడు. ఒక కిటికీ మూసుకుంటే ఏమవుతుంది అన్నాను. ఆయన లేచి కిటికీ కమ్మీలు తుడవసాగాడు.

కిందటి నెల ఆయనకి జ్వరం వచ్చింది. నాకు చెప్పలేదు. రెండు రోజులు మంచం దిగలేదు, కిటికీ తెరవలేదు. నేను ఆ రెండు రోజుల్లో ఫోను కూడా చెయ్యలేదు. తర్వాతి ఆదివారం వెళ్తే గడ్డం మాసిపోయి, చిక్కి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జ్వరం సంగతి చెబుతూ, దానితోపాటే చెప్పాడు.

రెండో రోజు సాయంత్రం ఆరూ పదికి కిటికీ తలుపు మీద చప్పుడైందట. ఎవరది అని మంచం మీంచే అడిగాడు.

"కిటికీ తియ్యలేదేం?"

గొంతు గుర్తుపట్టాడు. "జ్వరంగా ఉందమ్మా" అన్నాడు.

"నిన్న కూడా తియ్యలేదు. తియ్యండి, సందులో నడవాలి."

లేచి, గోడ పట్టుకుని, ముందుగది దాటి వెనకగదిలోకి వెళ్లేసరికి చాలాసేపు పట్టింది. వెళ్లిపోయి ఉంటుందనుకున్నాడు. తలుపు తీసేసరికి ఆవిడ అక్కడే ఉంది, మూట ఎడంచేతిలో పట్టుకుని. ఆయన మొహం ఒకసారి చూసింది. ఆయన దీపం వేసేదాకా నిలబడి, వెళ్లిపోయింది.

"ఇంకేమీ అనలేదా?" అన్నాను.

"లేదు. నేను దీపం వేసేదాకా నిలబడింది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నేనున్న నాలుగు గంటల్లో ఆ సంగతి ఆయన నాకు మూడుసార్లు చెప్పాడు. మూడోసారి చెబుతుండగా అయిదయింది. ఇంక నువ్వు వెళ్లరా, చీకటి పడితే బస్సు దొరకదు అని, కుర్చీని కిటికీ దగ్గరికి ఇంకొంచెం జరుపుకున్నాడు. నేను వెళ్లలేదు. ఇంకో కుర్చీ తెచ్చుకుని ఆయన పక్కన కూర్చున్నాను. ఆరూ పదికి ఆవిడ మూటతో వచ్చింది, తల తిప్పకుండా వెళ్లిపోయింది, పైన మిషను చప్పుడు మొదలైంది. బావ ఆ చప్పుడు విని, "ఇంటికి చేరింది" అన్నాడు.